ట్రామా చికిత్సను ఒక్కో మనిషికి తగ్గట్టు మలచడం: కౌన్సెలర్లకు, డాక్టర్లకు సమగ్ర మార్గదర్శి

కేస్ షీటు మీద "పీటీఎస్‌డీ" (ట్రామా, అంటే మనసును గాయపరిచే ఘటన తర్వాత పట్టుకునే జబ్బు) అని రాసి ఉన్నంత మాత్రాన ఆ మనిషికి ఏ చికిత్స ఇవ్వాలో తేలిపోదు. మానసిక జబ్బుల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఈ జబ్బుకు 20 లక్షణాలు. జరిగింది పదే పదే కళ్ళ ముందుకు రావడం, గుర్తుచేసే వాటి నుంచి తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకం పోయి మనసు మొద్దుబారడం, ఎప్పుడూ ఉలిక్కిపడుతూ ఉండటం అని వాటిని నాలుగు గుంపులు చేశారు. నిర్ధారణకు సరిపడేలా ఈ లక్షణాలు ఎన్ని రకాలుగా కలవొచ్చో లెక్కకడితే 6 లక్షలు దాటుతుందని 2013లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఒకే జబ్బు పేరుతో వచ్చిన ఇద్దరిలో ఒకరు రాత్రంతా కేకలు పెడుతూ లేస్తుంటే, ఇంకొకరు బాగా నిద్రపోతూ పగలంతా తనను తాను తిట్టుకుంటూ ఉండొచ్చు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని సైకాలజిస్టులు, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రాల కౌన్సెలర్లు, ఇలాంటి కేసులు ముందుగా వచ్చే జనరల్ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. చికిత్సలో ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చదివినా మంచిదే, డాక్టరును ఏమి అడగాలో తెలుస్తుంది. కింద చెప్పే థెరపీలు మాత్రం శిక్షణ, సూపర్‌విజన్ ఉన్నవాళ్ళే చేయాలి.

ఒక మాట ముందే చెప్పాలి. నాలుగు థెరపీల నుంచి తలా కొంచెం తెచ్చి కలిపేస్తే అది చికిత్సను మలచడం అవదు. పనిచేస్తుందని రుజువైన ఒక పద్ధతిని ఎంచుకుని, దాని అసలు పనిని అలాగే ఉంచి, వేగం, భాష, వరుస, చోటు ఎదుటి మనిషికి సరిపోయేలా మార్చాలి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక చాలామంది పేషెంట్లు నెలల తరబడి "కౌన్సెలింగ్"కు వస్తూనే ఉంటారు, వాళ్ళ భయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మొదటి అడుగు: ప్రమాదం ముగిసిందా, ఇంకా నడుస్తోందా?

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. యాక్సిడెంట్ అయితే అది అయిపోయింది. కానీ ఇంటికి వెళ్తే కొట్టే భర్త, ఒకప్పుడు హింసించి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురుపడే బంధువు, బాకీ కోసం వాకిట్లో కూర్చునే మనిషి ఉంటే ఆమె ఉలికిపాటు జబ్బు లక్షణం అవకపోవచ్చు. అది ఆమెను కాపాడుతున్న జాగ్రత్త. దాన్ని తగ్గించే ముందు ఇల్లు సురక్షితమవ్వాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, సఖి కేంద్రం, పిల్లలకైతే 1098, అత్యవసరమైతే 112 నంబర్లు గోడకు అంటించి వదిలేయకండి. ఆమె ఫోన్‌లో ఏ పేరుతో సేవ్ చేసుకుంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరో కూడా కలిసి ఆలోచించండి.

ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగండి. "బతకడం ఎందుకు అనిపిస్తోందా అమ్మా? ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. పల్లెల్లో ఇంట్లోనే పురుగుమందు డబ్బా ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి తీయించడమే ఆ రోజు మీరు చేయగలిగే అతి ముఖ్యమైన చికిత్స కావొచ్చు. ప్రయత్నం చేశామని చెబితే పోలీసు కేసు అవుతుందని కొందరు దాచిపెడతారు. తీవ్రమైన మానసిక ఒత్తిడిలోనే అలా చేశారని భావించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోందని వాళ్ళకు చెప్పండి. రాత్రివేళ మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఈ సంగతి బిడ్డ నోరు విప్పిన తర్వాత కాకుండా మొదటి రోజే చెప్పండి. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది" అని మాటిచ్చి తర్వాత ఫిర్యాదు చేస్తే, ఆ బిడ్డ దృష్టిలో ఇంకో పెద్దమనిషి కూడా మోసం చేసినట్టే.

మొదటి నెలలో చేయాల్సినవి, చేయకూడనివి

ఘటన జరిగి నెల కూడా కాకపోతే పీటీఎస్‌డీ అని పేరు పెట్టకండి. చాలామంది తమంతట తామే కోలుకుంటారు. తిండి, నిద్ర, అయినవాళ్ళు పక్కన ఉండటం, ఇన్సూరెన్స్ కాగితాలో పోస్టుమార్టం రిపోర్టో చేతికి అందడం, అప్పుడు కావాల్సినవి ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మానసిక ప్రథమ చికిత్సలో కూడా చూడటం, వినడం, సాయం దొరికే చోటికి కలపడం అన్నవే ఉన్నాయి.

మన దగ్గర పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ "అసలేమైంది, మొదటి నుంచి చెప్పు" అంటారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ రోజుకు పదిసార్లు అదంతా తిరగదోడాల్సిన మనిషి నలిగిపోతాడు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించమనండి. ఘటన జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒక్క సిటింగ్‌లో అంతా చెప్పించే "డీబ్రీఫింగ్" వల్ల పీటీఎస్‌డీ ఆగదని పరిశోధనలు చెబుతున్నాయి.

అల్ప్రాజోలం, క్లోనాజెపామ్ లాంటి మాత్రల గురించి గట్టిగానే చెప్పాలి. నిద్ర పట్టడం లేదనగానే ఇవి రాసేయడం అలవాటైపోయింది. ట్రామా జరిగిన మొదటి నెలలో ఆ లక్షణాలకు పెద్దవాళ్ళకు ఇవి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అలవాటుగా మారే ప్రమాదం ఉంది, తర్వాత చేసే థెరపీకి కూడా అడ్డు పడొచ్చు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

రెండో అడుగు: వినడం, కొలవడం

మన దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది "నాకు మనసు బాగోలేదు" అనరు. గుండె దడ, తల దిమ్ము, ఒళ్ళు మంటలు, నరాల బలహీనత అంటారు. థైరాయిడ్, రక్తహీనత, తలకు తగిలిన దెబ్బ వంటివి తప్పకుండా చూడండి. అన్నీ నార్మల్ అని రిపోర్టు వచ్చాక "మీకేమీ లేదు" అని మాత్రం పంపించేయకండి. "మీ గుండె బాగానే ఉంది. దడ నిజంగానే వస్తోంది. అది ఎప్పటి నుంచి మొదలైంది?" అని అడిగితే తలుపు తెరుచుకుంటుంది.

గదిలో ఎవరున్నారో చూసుకోండి. అత్తగారో అన్నయ్యో పక్కనే ఉంటే జవాబులు వాళ్ళే చెబుతారు. "కాసేపు అందర్నీ విడివిడిగా చూడటం మా పద్ధతి పెద్దమ్మా, తర్వాత మీతో కూడా మాట్లాడతాను" అంటే ఎవరూ నొచ్చుకోరు.

పీసీఎల్-5 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి, స్కోరు 0 నుంచి 80 వరకు. 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ ఉండే అవకాశం ఎక్కువ. అయినా నిర్ధారణ చేయాల్సింది ఇంటర్వ్యూ ద్వారానే. చదువు రానివాళ్ళకు ప్రశ్నలు చదివి వినిపించండి. "కొంచెమా, సగమా, బాగానా" అని చేతి వేళ్ళతో చూపించమన్నా చాలు. చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి హింస పడ్డవాళ్ళలో సంక్లిష్ట పీటీఎస్‌డీ ఉందేమో కూడా చూడాలి. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 దీన్ని విడిగా గుర్తించింది. మామూలు లక్షణాలకు తోడు కోపం, ఏడుపు అదుపులో లేకపోవడం, తాను పనికిరానన్న భావన, ఎవరితోనూ దగ్గరవలేకపోవడం ఉంటాయి.

మొదటి రోజే పూర్తి కథ అవసరం లేదు. ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెబితే చాలు. వీటికి మాత్రం సమయం తీసుకోండి: ఏ లక్షణం ఎక్కువ బాధపెడుతోంది? ఏ పనులు, ఏ దారులు, ఏ మనుషుల్ని మానేశారు? తాగుడు ఎంత? తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ ఉన్నాయా, గర్భవతా? మధ్యమధ్యలో ఎక్కడున్నారో తెలియనట్టు అయిపోతారా? ముఖ్యంగా, "ఇది తగ్గితే మొట్టమొదట ఏం చేయాలనుకుంటున్నారు?" ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే చికిత్సకు దారి చూపుతుంది. ఒకరు మళ్ళీ బస్సెక్కి పుట్టింటికి వెళ్ళాలంటారు, ఇంకొకరు పిల్లాడి మీద అరవకుండా ఉండాలంటారు.

కొన్నిసార్లు ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది", "ఒంటి మీదకు వస్తోంది" అని చెబుతారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే వాళ్ళు మళ్ళీ రారు. అది ఎప్పుడు వస్తోంది, రాకముందు ఏం జరిగింది, ఆ సమయంలో ఏం మాట్లాడుతోంది అని అడగండి. ట్రామా వల్ల మనసు విడిపోయిన స్థితి అలా బయటపడుతూ ఉండొచ్చు. తాయెత్తు కట్టుకుంటే ధైర్యంగా ఉందంటే ఉండనివ్వండి. కొట్టడం, వాతలు పెట్టడం, మందులు మాన్పించడం దగ్గర మాత్రం రాజీ పడకూడదు.

మూడో అడుగు: ఇవాళ్టికీ దాన్ని పట్టి ఉంచుతున్నది ఏమిటి?

విన్నదంతా ఒక్క పేజీలోకి కుదించి రాయండి. అప్పుడేం జరిగిందన్నది అందులో ఒక వరుస చాలు. ఇవాళ్టికీ ఆ గాయాన్ని మాననివ్వకుండా చేస్తున్నదేమిటో మిగతా పేజీ అంతా రాయాలి.

రెండు ఊహించిన కేసులు చూద్దాం. హైదరాబాద్-విజయవాడ హైవే మీద లారీ డ్రైవర్ ఒకరు. యాక్సిడెంట్‌లో పక్కనున్న క్లీనర్ కుర్రాడు చనిపోయాడు. ఇతనికి స్టీరింగ్ అంటే భయం లేదు. "ఆ రోజు నేను టీ దగ్గర ఆగి ఉంటే వాడు బతికేవాడు" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. నిద్ర కోసం రోజూ తాగుతున్నాడు. ఇతన్ని హైవే మీదకు తీసుకెళ్ళి భయం పోగొట్టే థెరపీ చేస్తే ఏమవుతుంది? ఇతని అసలు బాధను మనం ముట్టుకోలేదు. ఇతనికి కావాల్సింది ఆ నిందను పరీక్షకు పెట్టడం.

రెండో ఆమె అదే దారిలో బస్సు బోల్తా పడగా బయటపడిన టీచరు. ఆమెకు అపరాధ భావం ఏమీ లేదు. బస్సు హారన్ వినిపిస్తే చేతులు చల్లబడతాయి. స్కూలుకు ఆటోలో వెళ్ళడానికి జీతంలో పెద్ద భాగం పోతోంది. ఈమెను కూర్చోబెట్టి నమ్మకాల గురించి మాట్లాడటం కంటే ఆగి ఉన్న బస్సెక్కించడంతో మొదలుపెట్టడం మేలు. ఇద్దరిదీ రోడ్డు ప్రమాదమే, చికిత్సలు మాత్రం వేరు.

నాలుగో అడుగు: పద్ధతిని కలిసి ఎంచుకోవడం

అమెరికా మాజీ సైనికుల, రక్షణ శాఖల 2023 మార్గదర్శకాలు మందుల కంటే ట్రామా మీద నేరుగా పనిచేసే వ్యక్తిగత థెరపీలకే పెద్దపీట వేశాయి. వాటిలో మూడు ముఖ్యమైనవి. మొదటిది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్: జ్ఞాపకాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ, తప్పించుకుంటున్న వాటికి మెల్లగా దగ్గరవుతూ భయాన్ని తగ్గించేది, మామూలుగా 8 నుంచి 15 సిటింగులు. రెండోది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ: "అంతా నా తప్పే", "ఎవర్నీ నమ్మకూడదు" లాంటి చిక్కుముడులను విప్పేది, దాదాపు 12 సిటింగులు. మూడోది ఈఎండీఆర్: జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ చేసేది. వివరాలన్నీ నోటితో చెప్పాల్సిన పని తక్కువ కాబట్టి సిగ్గుతో మాట పెగలని వాళ్ళకు ఇది తేలికగా అనిపించవచ్చు.

భయం ముందుంటే మొదటిది, నింద, సిగ్గు ముందుంటే రెండోది అన్నది నా మొగ్గు. దీన్ని కచ్చితమైన నియమంగా తీసుకోకండి, మూడూ చాలామందికి పనిచేస్తాయి. అందుకే మూడింటినీ వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, "మీకు ఏది చేయగలననిపిస్తోంది?" అని అడగండి. తాను ఎంచుకున్న దాన్ని మనిషి మధ్యలో వదిలేయడం తక్కువ.

జీవితమంతా దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్ళకు, ముఖ్యంగా శరణార్థుల కోసం తయారైన నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ ఉంది. నేల మీద ఒక తాడు పరిచి, పుట్టుక నుంచి ఇవాళ్టి దాకా మంచి రోజులకు పూలు, చెడ్డ రోజులకు రాళ్ళు పెడతారు. ఆ తర్వాత వరుసగా ఒక్కో రాయి గురించి మాట్లాడతారు. పేషెంటుకు చదువుతో పనిలేదు. మన పల్లెల్లోనూ ఇది బాగా ఒదుగుతుందని నా అభిప్రాయం.

పిల్లలకైతే ట్రామా ఫోకస్డ్ సీబీటీ, అంటే ట్రామా చుట్టూ అల్లుకున్న ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ. ఇందులో తల్లో తండ్రో సంరక్షకుడో కూడా చికిత్సలో భాగమే. చిన్నపిల్లలు మాటల్లో చెప్పరు. జరిగిందే ఆటగా ఆడతారు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది.

మందుల్లో సెర్ట్రలిన్, పరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్‌లకు మంచి ఆధారాలున్నాయి. థెరపిస్టు దొరకని చోట, డిప్రెషన్ తోడైనప్పుడు, పేషెంటే మందు కావాలన్నప్పుడు ఇవి సరైన ఎంపికే. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే పదో రోజుకు మానేస్తారు. గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు మందు ఎంపిక సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు కలిసి చేయాలి.

ఐదో అడుగు: ఏవి మార్చొచ్చు, ఏవి మార్చకూడదు

ఎక్స్‌పోజర్‌లో అసలు పని తప్పించుకోకుండా జ్ఞాపకం దగ్గర నిలబడటం. దాన్ని తీసేసి శ్వాస వ్యాయామాలు మాత్రమే మిగిల్చితే అది రిలాక్సేషన్ అవుతుంది, ఎక్స్‌పోజర్ అవదు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్‌లో అసలు పని ఆ ఆలోచన నిజమేనా అని పేషెంటే పరీక్షించుకోవడం. "మీ తప్పేం లేదమ్మా" అని మనమే తీర్పు చెప్పేస్తే ఆ పని జరగదు.

మిగతా వాటిని ధైర్యంగా మార్చండి. తూర్పు కాంగోలో లైంగిక హింసకు గురైన మహిళలకు కాగ్నిటివ్ ప్రాసెసింగ్‌ను గ్రూపులుగా చేశారు. వాళ్ళలో చాలామందికి చదవడం, రాయడం రాదు. వర్క్‌షీట్లను గుర్తుపెట్టుకోగలిగేంత సరళం చేశారు, చేయించింది స్థానిక కార్యకర్తలు. 2013లో వచ్చిన ఫలితాల్లో మామూలు వ్యక్తిగత సహాయం పొందినవారి కంటే వీళ్ళు ఎంతో బాగా కోలుకున్నారని తేలింది. చదువు రాదు కాబట్టి థెరపీ కుదరదు అనే మాటకు ఇది గట్టి జవాబు.

కూలికి వెళ్ళేవాళ్ళు నాట్ల రోజుల్లో వారం వారం రాలేరు. ఒక రోజు వస్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. ఇలాంటివాళ్ళకు పనుల్లేని రోజుల్లో దగ్గరదగ్గరగా సిటింగులు పెట్టొచ్చు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌ను రెండు వారాల్లో 10 సిటింగులుగా చేసినా, 8 వారాలు సాగదీసి చేసినదానికి తీసిపోలేదని అమెరికా సైనికులతో చేసిన అధ్యయనం 2018లో చూపించింది.

ఇంటి పని ఇచ్చేటప్పుడు ఫోన్ ఎవరిదో అడగండి. సిటింగ్ రికార్డింగ్‌ను ఇంట్లో వినమంటాం. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉంటే ఆ రికార్డింగే ఆమెకు ముప్పు. క్లినిక్‌లోనే ఒక మూల కూర్చుని వినే ఏర్పాటు చేయండి. పాతబస్తీలో ఉర్దూ, ఏజెన్సీలో కోయ లేదా గోండి మాట్లాడేవాళ్ళకు దుబాసీ కావాలి. పేషెంటు సొంత పిల్లల్ని ఆ పనికి వాడకండి. గల్ఫ్‌లో యజమాని చేతిలో దెబ్బలు తిని తిరిగొచ్చినవాళ్ళకు అప్పు లెక్క తేలేదాకా మనసు థెరపీ మీద నిలవదు. ఆ మాట కూడా సిటింగ్‌లోకి రానివ్వండి.

కంగారు తగ్గించే చిట్కాలూ అందరికీ ఒకటి కావు. "గాఢంగా ఊపిరి పీల్చండి" అన్నది గొంతు నులమబడ్డ మనిషికి, 2020లో విశాఖపట్నంలో జరిగినట్టు విషవాయువు లీకేజీ నుంచి బయటపడ్డ మనిషికి భయాన్ని పెంచొచ్చు. వాళ్ళకు అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించడం, చల్లని నీళ్ళ గ్లాసు పట్టుకోవడం, కనిపించే వస్తువుల పేర్లు చెప్పడం నయం. కళ్ళు మూసుకోమని కూడా బలవంతం వద్దు.

ఆరో అడుగు: తోడుగా ఉన్న జబ్బులతో వరుస

తాగుడు పూర్తిగా మానేశాకే ట్రామా చికిత్స అని షరతు పెడితే లారీ డ్రైవర్ లాంటివాళ్ళు ఎప్పటికీ మొదలుపెట్టరు. తాగుతున్నది ఆ జ్ఞాపకాన్ని ముంచడానికే కదా. రెండూ కలిపి చేసే పద్ధతులున్నాయి. రోజూ ఎక్కువ తాగేవాళ్ళు ఒక్కసారి ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఆ మానిపించడం మాత్రం డాక్టర్ చేతుల్లో జరగాలి. సైకోసిస్ (లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు గట్టిగా నమ్మడం లాంటి జబ్బు) ఉన్నవాళ్ళకు కూడా ఎక్స్‌పోజర్, ఈఎండీఆర్ సురక్షితంగా చేయవచ్చని నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో ప్రచురితమైన పరిశోధన చూపించింది.

"ఈమె ఇంకా సున్నితంగా ఉంది, కొన్నాళ్ళు గట్టిపడనిద్దాం" అనే వాయిదా గురించి నాకు బాధ ఉంది. సంక్లిష్ట పీటీఎస్‌డీలో భావాలను అదుపు చేసుకునే నైపుణ్యాలు ముందు నేర్పడం చాలామందికి మేలు చేస్తుంది, కాదనను. దానికి ఒక గడువు పెట్టండి, ఆరు లేదా ఎనిమిది సిటింగులని. చాలాసార్లు సున్నితంగా ఉన్నది పేషెంటు కాదు, వినడానికి సిద్ధంగా లేని థెరపిస్టు.

ఏడో అడుగు: కుటుంబం

పేషెంటు ఒప్పుకుంటేనే, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో ముందు మాట్లాడుకున్నాకే ఇంట్లోవాళ్ళను పిలవండి. పెళ్ళి కావాల్సిన అమ్మాయి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు. వాళ్ళకు చెప్పాల్సింది కొంచెమే: "మర్చిపో" అంటే మర్చిపోలేరు. నిద్రలో కేకపెడితే ఒంటి మీద చెయ్యి వేయకుండా, కాస్త దూరం నుంచి పేరుపెట్టి పిలవండి. ప్రతిచోటికీ తోడు వెళ్ళడం ప్రేమే అయినా అది తప్పించుకోవడాన్ని పెంచుతుంది. దీపావళి టపాసులకు, ఘటన జరిగిన తేదీకి ముందే సిద్ధం చేయండి.

ఎనిమిదో అడుగు: కొలుస్తూ సరిచేయడం

పీసీఎల్-5ను రెండు వారాలకోసారైనా మళ్ళీ చేయండి. 10 పాయింట్లకు పైగా తగ్గితే అర్థవంతమైన మార్పని తీసుకోవచ్చు. జ్ఞాపకం గురించి మాట్లాడటం మొదలుపెట్టాక కొందరికి లక్షణాలు కొద్దిగా పెరుగుతాయి. అది తాత్కాలికమే, ఆ కారణంతో ఆపేయకండి. మొదలుపెట్టేటప్పుడే "మధ్యలో ఒకటి రెండు వారాలు బరువుగా ఉండొచ్చు, అప్పుడు మానకుండా నాకు ఫోన్ చేయండి అన్నా" అని చెప్పి ఉంచండి.

ఆరో సిటింగ్‌కు కూడా స్కోరు కదలకపోతే పద్ధతిని మార్చే ముందు కొన్ని చూడండి. ఇంటి పని చేస్తున్నారా? మనం ఎంచుకున్న ఘటన సరైనదేనా, దాని వెనక చెప్పనిది ఇంకొకటి ఉందా? బస్సెక్కుతున్నారు గానీ కళ్ళు మూసుకుని, జేబులో మాత్ర పెట్టుకుని ఎక్కుతున్నారా? ఇంట్లో కొత్త ప్రమాదం మొదలైందా? వీటిలో ఏదీ కాకపోతే అప్పుడు ఇంకో థెరపీ, లేదా మందు జోడించడం గురించి కలిసి మాట్లాడుకోండి. రానివాళ్ళకు ఫోన్ చేయండి. వాళ్ళు రాకపోవడం కూడా తప్పించుకోవడమే, అంటే లక్షణమే.

ముగించేటప్పుడు, వేరే చోటికి పంపేటప్పుడు

చివరి రెండు సిటింగులను వచ్చే ఏడాది కోసం వాడండి. మళ్ళీ ఇబ్బంది పెట్టే సందర్భాలేమిటి, కోర్టు వాయిదా ఎప్పుడు, వర్ధంతి ఎప్పుడు, అప్పుడు ముందుగా చేయాల్సిన పనులేమిటి అని పేషెంటు సొంత మాటల్లో రాసి లేదా రికార్డు చేసి ఇవ్వండి. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఫోన్ చేసే తేదీలు అప్పుడే ఖాయం చేసుకోండి.

ఎర్రగడ్డకో, విశాఖ మానసిక వైద్యశాలకో, బెంగళూరులోని నిమ్హాన్స్‌కో రిఫర్ చేస్తుంటే చీటీ మీద జబ్బు పేరు ఒక్కటే రాసి పంపకండి. ఏ ఘటన మీద పనిచేశారు, ఏ పద్ధతి ఎన్ని సిటింగులు, మొదటి స్కోరు, ఇప్పటి స్కోరు, ఏ మందు ఎంత డోసు, ఏ మాటకు, ఏ శబ్దానికి ఉలిక్కిపడతారు, గదిలో ఎలా కూర్చోబెడితే తేలికపడతారు, ఎవరికి ఏం చెప్పకూడదు అన్నవి రాయండి. పేషెంటుకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే సంతకం చేయండి. అక్కడి డాక్టరు ముందు ఆమె మొదటి నుంచి అంతా మళ్ళీ చెప్పాల్సిన అవసరం తప్పుతుంది.